ఎద్దు ఏరు దాటిన ఊరి నుంచి.. మన ఊరి దాకా!

పెళ్లివారు దిగినా అంబాసిడరే. నిండు చూలాలిని పట్నం ఆసుపత్రికి తరలించాలన్నా అంబాసిడరే. కలెక్టరుగారి తనిఖీ అయినా, ఎమ్మెల్యేగారి పర్యటన అయినా అంబాసిడరే. ఒక తరం పాటు మన జిల్లాల్లో కారు అంటే ఇదే. నిజానికి ఈ బండి పుట్టింది ఇక్కడ కాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరాన్ని ఆనుకుని ఉన్న కౌలీ కర్మాగారం దీని పుట్టిల్లు. అక్కడ దీని పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎద్దులు ఏరు దాటే రేవు అని అర్థం. మోరిస్ కార్ల ముద్ర మీద కూడా ఏరు దాటుతున్న ఎద్దు బొమ్మే ఉండేది. ఎద్దుబండ్ల దారుల్లో నడవవలసి వచ్చిన కారుకు ఇంతకంటే తగిన ముద్ర ఏముంటుంది!

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో కూరుకుపోయింది. సరుకు అమ్మి విదేశీ ద్రవ్యం తెస్తేనే మీకు ఉక్కు కోటా అని అక్కడి ప్రభుత్వం కార్ల కంపెనీలకు ఖరాఖండిగా చెప్పింది. ఫలితంగా 1950 నాటికి ప్రపంచంలో అత్యధికంగా కార్లు ఎగుమతి చేసే దేశం బ్రిటనే అయింది. ఆస్ట్రేలియాకు, ఆఫ్రికాకు, ఆసియాకు ఓడల మీద కార్లు వెళ్లాయి. కొన్ని తయారైన బండ్లుగా, మరికొన్ని పెట్టెల్లో సర్దిన విడిభాగాలుగా. అయితే ఇంగ్లండు పల్లెల్లోని నున్నటి ఇరుకు రోడ్లకు తయారైన కారు దుమ్ముకు, ఎండకు, గుంతలకు తట్టుకోవాలి కదా? ఆయా దేశాల వారు తమకు తగినట్లు మార్చుకోక తప్పలేదు.

ఉత్తరపారా కథ

మన దేశంలో ఆ పని చేసినవారు బిర్లాలు. 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలైన హిందుస్థాన్ మోటార్స్, తరువాత కలకత్తా సమీపంలోని ఉత్తరపారాకు మారింది. మోరిస్ టెన్ కారు హిందుస్థాన్ టెన్ అయింది. ఆ తరువాత వచ్చిన ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ లాండ్‌మాస్టర్ పేరు పెట్టుకుంది. ఊరికే విడిభాగాలు బిగించి అమ్మితే కుదరదు, ఇక్కడే తయారు చేయాలని ప్రభుత్వం పట్టుబట్టిన ఆ రోజుల్లోనే జనరల్ మోటార్స్, ఫోర్డ్ మన దేశం వదిలి వెళ్లాయి. బిర్లాలు నిలబడ్డారు. 1957లో మూడో సిరీస్ ఆక్స్‌ఫర్డ్ అంబాసిడర్‌గా అవతరించింది. బ్రిటన్‌లో ఆ కారు తయారీ 1959లో ఆగిపోయింది. ఇక్కడ మాత్రం 2014 దాకా సాగింది!

మొదట్లో దీనికి 1476 సి.సి. పాత రకం ఇంజను ఉండేది. త్వరలోనే 1489 సి.సి. ఇంజను వచ్చింది. 1980లో డీజిల్ ఇంజను అమర్చారు. డీజిల్‌తో నడిచే కారు మన దేశంలో అదే ప్రథమం. చప్పుడు ఎక్కువ, పరుగు తక్కువ. అయినా కిలోమీటరు లెక్క చూసుకునే టాక్సీ యజమానికి అది వరప్రసాదమైంది.

ముందు సీటు ఒకే పొడుగాటి బల్ల. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది గనుక కాళ్ల దగ్గర అడ్డం లేదు. డ్రైవరు పక్కన ముగ్గురు ఇరుక్కునేవారు, వెనుక ఎందరనేది ఎవరూ లెక్కపెట్టలేదు. వెనుక కమాను కట్టలు బరువుకు వంగేవేగాని విరిగేవి కావు. విరిగినా భయం లేదు. కార్బురేటరు విప్పి ఊదగలవాడు, గ్రీజు గన్ను పట్టగలవాడు ఏ రోడ్డు పక్క షెడ్డులోనైనా దొరికేవాడు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఏ భాగం కావాలన్నా పాతదో కొత్తదో చేతికి వచ్చేది. ఈ బండిని బతికించింది కంపెనీ కంటే ఈ షెడ్లేనంటే అతిశయోక్తి కాదు.

అలాగని పొగడ్తలే సరిపోవు. చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. స్టీరింగు తిప్పితే భుజాలు నొప్పి పుట్టేవి. హారను తప్ప అన్నీ మోగుతాయన్న హాస్యం ఊరికే పుట్టలేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూసే కొనుగోలుదారు ఉన్నంతకాలం బండి మెరుగుపరచవలసిన అవసరం తయారీదారుకు కనిపించలేదు. 1983లో మారుతి వచ్చేసరికి ఆ లోటు బయటపడింది. 1990ల ఆరంభంలో జపాను ఇసుజు ఇంజను, కింద గేరు రాడ్డు, విడి సీట్లు వచ్చినా అప్పటికే ఆలస్యమైంది.

మద్రాసు హెరాల్డ్

మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ దారి వేరు. బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్ కారును 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారు చేసింది. ఇటలీ శిల్పి మికెలోట్టి గీసిన రూపమది. బ్రిటన్‌లో దానికి రెండే తలుపులు. అత్తగారు, పిల్లలు, పెట్టెబేడా అంతా ఎక్కవలసిన మన కుటుంబాలకు అది చాలదు. కాబట్టి మద్రాసువారు నాలుగు తలుపులు పెట్టారు. వెనుక చక్రాలు విడివిడిగా కదిలే ఏర్పాటు మన మెకానిక్కులకు నచ్చకపోవడంతో, తరువాత వచ్చిన గెజెల్ కారులో దాన్ని తీసేసి మామూలు గట్టి యాక్సిలు వేశారు. ఇది తెలివైన మార్పు.

కాని అదే కంపెనీ 1985లో తెచ్చిన స్టాండర్డ్ 2000 మాత్రం బెడిసికొట్టింది. పైకి రోవర్ సొగసు, లోపల వాన్‌గార్డ్ కాలపు పాత ఇంజను! పెట్రోలు తాగుడూ ఎక్కువే. మూడేళ్లు తిరగకుండానే అది మూలపడింది.

పుట్టింటికి ప్రయాణం

1993లో అంబాసిడర్‌ను తిరిగి బ్రిటన్‌లో అమ్మే ప్రయత్నం జరగడం విశేషం. అక్కడి చలికి హీటరు, చట్టానికి సీటు బెల్టులు బిగించి పంపారు. అమ్ముడుపోయినవి బహు స్వల్పం. ఒకప్పుడు అక్కడి కారును మన ఎండకు మార్చారు, ఈసారి మన కారును అక్కడి చలికి మార్చవలసి వచ్చింది.

2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారం పని నిలిపివేసింది. చివరి ఏడాది అమ్మకాలు రెండు వేల పైచిలుకు మాత్రమే. రెండు వేల మందికి పైగా కార్మికులు వీధిన పడ్డారు. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. కారును కాదు, పేరును మాత్రమే!

ఇంకా ఈ బండి ఇంట్లో ఉంచుకున్నవారు కొద్దిమంది ఉన్నారు. సొంత వాహనాలకు 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీ మీదే. అందువల్ల ముందుగా చూడవలసింది ఇంజను కాదు, ఫ్లోరు రేకు, తలుపుల కింది అంచులు. అక్కడ తుప్పు లేకపోతే మిగతా పని షెడ్డులో అయిపోతుంది.