హోమ్ థియేటర్లో మాట వినబడుతోందా?

గృహప్రవేశం అయిన నెల తిరక్కుండానే మనవాళ్ళలో చాలామంది చేసే పని హోమ్ థియేటర్ పెట్టించుకోవడం. కాలిఫోర్నియాలోని మా డబ్లిన్‌లో ఈ సరదా మరీ ఎక్కువ. హసియెండా క్రాసింగ్స్‌లో ఐమాక్స్ చూసి వచ్చినవాళ్ళకి ఇంట్లోనూ సోఫా అదరాలనిపిస్తుంది. పగలు కంప్యూటర్ల పని, శనాదివారాలు స్నేహితుల ఇళ్ళలో స్పీకర్లు అమర్చిపెట్టే పని నాది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే ఫిర్యాదు: బాంబులు బ్రహ్మాండంగా పేలతాయి, మాటలు మాత్రం వినబడవు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ “ఏమన్నాడమ్మా వాడు?” అని అడుగుతూనే ఉంటుంది. పిల్లలు అడగరు, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటారు. బడిలో తెలుగు వినబడని పిల్లలకి సినిమా కూడా ఒక తెలుగు బడే. చదవడం అలవాటయితే వినడం మానేస్తారు. అందుకని ఈసారి బాంబుల సంగతి తగ్గించి, మాట సంగతి చూద్దాం.

శబ్దం అంకెలెలా అవుతుంది?

శబ్దం అంటే గాలిలో పుట్టే అల. ఆ అల ఎత్తుని సెకనుకి కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటే అదే డిజిటల్ ఆడియో. 1982లో వచ్చిన సీడీలో సెకనుకి 44,100 కొలతలు. సినిమాలకి సాధారణంగా 48,000. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకూ వినగలదు. ఒక అలని మళ్ళీ యథాతథంగా పుట్టించాలంటే దాని వేగానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అందుకే అన్ని కొలతలు.

ఒక్కో కొలతకి 16 బిట్లు, మొత్తం ఆరు చానెళ్ళు అనుకుంటే సెకనుకి 46 లక్షల బిట్లు. డీవీడీలో డాల్బీ డిజిటల్ దీన్ని 4.48 లక్షల లోపుకి, అంటే పదో వంతుకి కుదించింది. కుక్కర్ కూత వేస్తుంటే గోడ గడియారం టిక్‌టిక్ వినబడదు కదా! చెవికి అందనిదాన్ని రాయడం ఎందుకు? కిటుకు అంతే.

ఆ సంస్థ మనకి పొరుగే. రే డాల్బీ 1965లో లండన్‌లో మొదలుపెట్టి, 1976లో శాన్ ఫ్రాన్సిస్కోకి తరలించారు. థియేటర్లలో డాల్బీ డిజిటల్ 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో వచ్చింది. మరుసటి ఏడు ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ వచ్చింది. మనవాళ్ళేమీ తక్కువ తినలేదు. 1986లోనే కృష్ణగారు ‘సింహాసనం’ని 70 ఎం.ఎం.లో, ఆరు ట్రాకుల శబ్దంతో తీశారు.

5.1 అంటే ఏమిటి?

ముందు ఎడమ, కుడి, మధ్య. ప్రేక్షకుడి పక్కల్లో రెండు సరౌండ్ స్పీకర్లు. ఇవి అయిదు. ఆ ‘.1’ అనేది 120 హెర్ట్జ్ లోపు గంభీరమైన శబ్దాలకి, అంటే ఉరుములకి, పేలుళ్ళకి కేటాయించిన చానెల్. 2012లో వచ్చిన ఆట్మాస్ నెత్తిమీద నుంచి కూడా వినిపిస్తుంది.

వీటిలో అసలు హీరో మధ్యనుండే సెంటర్ స్పీకర్. సంభాషణల్లో అధిక భాగం దీన్నుంచే వస్తుంది. చాలామంది డబ్బంతా సబ్‌వూఫర్ మీద పోసి, దీన్ని అగ్గిపెట్టెంత కొంటారు. టీవీ స్పీకర్లతోనే వింటే చానెళ్ళు రెండింటిలో కలిసిపోతాయి. నేపథ్య సంగీతం మాటని మింగేస్తుంది.

ఇంకో కారణం మన భాషలోనే ఉంది. అచ్చులు గట్టిగా, కింది స్థాయిలో పలుకుతాయి. క, చ, త, స లాంటి హల్లుల గుర్తులు సన్నగా, పై స్థాయిలో ఉంటాయి. వయసుతో చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ పై స్థాయినే. అమ్మమ్మకి ‘కల’ కాస్తా ‘తల’ అయిపోతుంది. దానికితోడు మన ఇళ్ళలో ఎత్తయిన సీలింగు, చెక్క నేల, హాల్లో కలిసిపోయిన వంటిల్లు. మాట గోడలకి కొట్టుకుని చెదిరిపోతుంది.

ఇలా చేసి చూడండి

• సెంటర్ స్పీకర్‌ని చెవి ఎత్తుకి తెచ్చి, మీవైపు తిప్పండి. రిసీవర్లో దాని మోత 2, 3 డెసిబెల్స్ పెంచండి.

• ‘నైట్ మోడ్’ వాడండి. పెద్ద శబ్దాలు తగ్గి, చిన్నవి పైకి వస్తాయి. టౌన్‌హోముల్లో పక్కింటివాళ్ళూ సంతోషిస్తారు.

• నేలమీద మందపాటి తివాచీ, కిటికీలకి బరువైన తెరలు వేయండి.

• రెండు గజాల దూరానికి వంద డాలర్ల హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ అక్కర్లేదు. అంకెలు సరిగ్గా చేరితే చవక తీగలోనూ అదే శబ్దం. చేరకపోతే శబ్దం తెగిపోతుంది, బొమ్మ చెదురుతుంది. అంతేకానీ ‘కాస్త తీయగా’ వినబడడం ఉండదు.

పిల్లలూ, మీకో ఆట!

కళ్ళు మూసుకుని, మెడ కదపకుండా కూర్చోండి. అమ్మని చుట్టూ తిరుగుతూ గరిటతో గిన్నె మీద కొట్టమనండి. ఎటునుంచో చెప్పండి. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికంటే రెండో చెవికి సుమారు సెకనులో పదివేల వంతుల్లో ఆరు వంతులు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడాతోనే మెదడు దిక్కు పసిగడుతుంది. ఎదురుగా, సరిగ్గా వెనక కొట్టినప్పుడు మాత్రం తికమక పడతారు. ఎందుకో ఆలోచించండి!

బడ్జెట్ తక్కువైతే ముందు మంచి సెంటర్ స్పీకర్ కొనండి, సబ్‌వూఫర్ వచ్చే దీపావళికి చూసుకోవచ్చు. అది బిగించిన రోజున సబ్‌టైటిల్స్ తీసేసి, అమ్మమ్మని మధ్య సీట్లో కూర్చోబెట్టి ఒక సినిమా వెయ్యండి. పిల్లలకి అర్థం కాని మాట వస్తే ఆవిణ్ణి అడుగుతారు. ఈసారి ఆవిడే చెబుతుంది.