మీ అబ్బాయిని అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరు చెబుతున్నారు?



ప్రతి నెలా పేరెంట్స్ మీటింగ్‌లో మాకు కనిపించే దృశ్యం ఒకటి ఉంది. టీచర్ పిల్లవాడి వైపు చూసి, "ఏ చాప్టర్ కష్టంగా ఉంది నాయనా?" అని అడుగుతారు. పిల్లవాడు నోరు తెరిచేలోపే పక్కనుంచి నాన్న అందుకుంటారు: "వానికి ఫిజిక్స్ ఒక్కటే కొంచెం కష్టం సార్, మిగతావన్నీ బాగా చదువుతాడు." పిల్లవాడు తల ఊపి ఊరుకుంటాడు.

ఇది ప్రేమతో చేసే పనే. కానీ ఏడెనిమిదేళ్ల తర్వాత అదే పిల్లవాడు ఇంటర్వ్యూకి వెళ్తాడు. ఆ గదిలోకి మనల్ని రానివ్వరు.

మార్కుల్లో దాని వాటా ఎంత?

ఇంటర్వ్యూ అంటే చివర్లో జరిగే లాంఛనం అనుకుంటాం. లెక్క చూడండి. సివిల్ సర్వీసెస్‌లో తుది ర్యాంకును 2025 మార్కులకు నిర్ణయిస్తారు. అందులో 275 ఇంటర్వ్యూవే. ఇంటర్ తర్వాత మన పిల్లలు రాసే ఎన్‌డీఏలో రాత పరీక్షకు 900, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి 900. అంటే సరిగ్గా సగం.

అక్కడ చూసేది జ్ఞాపకశక్తిని కాదు. ఆ పరీక్ష రాత పేపర్లలోనే అయిపోయింది. సూటిగా ఆలోచిస్తున్నాడా, అనుకున్నది స్పష్టంగా చెప్పగలడా, ఎదుటివారి మాట వింటున్నాడా, నిజాయతీగా ఉన్నాడా అని గమనిస్తారు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టి వెళ్లిన పిల్లలు మొదటి రెండు నిమిషాలు గడగడా చెప్పేస్తారు. మూడో నిమిషంలో "ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడిగితే ఆగిపోతారు.

మన యాస అడ్డం కాదు

కర్నూలు, కడప తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే: "మా పాపకు ఇంగ్లీషు సరిగా రాదు, మాట్లాడితే మన సీమ యాస వస్తుంది, ఇంటర్వ్యూలో ఎట్లా?"

శ్రీకాకుళం జిల్లాలోని రైతు కుటుంబం నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ గారు 2016 సివిల్స్‌లో దేశంలోనే మూడో ర్యాంకు సాధించారు. మెయిన్స్ తెలుగులో రాశారు. ఇంటర్వ్యూ కూడా దుబాసీ సాయంతో తెలుగులోనే ఇచ్చారు.

దీన్ని చూసి ఇంగ్లీషు అక్కర్లేదని అనుకోవద్దు. కంపెనీ ఉద్యోగాలకు అది కావాలి, రోజూ సాధన చేయించాలి. కానీ యాస తప్పు కాదు. చెప్పే విషయం ఉండి, చిన్న చిన్న వాక్యాల్లో తొందరపడకుండా చెబితే ఏ యాసైనా అర్థమవుతుంది. ఇంట్లో మనమే పాప యాసను చూసి నవ్వితే మాత్రం, బయట పాప నోరు విప్పదు.

సురభి పిల్లలకు భయం ఎందుకు లేదు?

పాటకు, నాటకానికి ఆడిషన్‌కి వెళ్లే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైంది సురభి నాటక సంస్థ. ఆ కుటుంబాల్లో పిల్లలు ఊహ తెలియని వయసు నుంచే స్టేజీ ఎక్కుతారు. పది మంది ముందు నిలబడటం వాళ్లకు పరీక్ష కాదు, అలవాటు.

ఆ అలవాటు ఇంటర్వ్యూకి వారం ముందు కోచింగ్‌తో వచ్చేది కాదు. అది ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టే అవుతుంది. పెళ్లిలో బంధువులను పలకరించడం, బ్యాంకులో ఫారం తానే అడిగి తీసుకోవడం, షాపులో వస్తువు మార్చి ఇమ్మని అడగడం... ఇవన్నీ చిన్న చిన్న స్టేజీలే.

"తెలియదు సార్" అనే ధైర్యం

తెలియని ప్రశ్న ప్రతి ఇంటర్వ్యూలోనూ వస్తుంది. "తెలియదు సార్, తెలుసుకుంటాను" అన్న అభ్యర్థి మీద నమ్మకం కలుగుతుంది. అల్లి చెప్పినవాడు తర్వాతి ప్రశ్నకే దొరికిపోతాడు.

కానీ ఇంట్లో పిల్లవాడు "తెలియదు" అంటే మనం ఏమంటాం? "ఇంత ఫీజు కట్టి చదివిస్తే ఇదేనా?" అంటాం. రెండుసార్లు ఆ మాట విన్నాక తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపడం నేర్చుకుంటాడు. స్కూల్లో మేమూ ఒక్కోసారి ఈ పొరపాటు చేస్తాం. ఇద్దరం మార్చుకోవాల్సిందే.

మీ గురించి అడిగే ప్రశ్న

బెంగళూరులోని సెలక్షన్ సెంటర్ వంటి చోట్ల ఐదు రోజులు జరిగే ఎస్‌ఎస్‌బీలో ఒక చిన్న పరీక్ష ఉంది. నీ గురించి నువ్వేమనుకుంటావు, టీచర్లు ఏమనుకుంటారు, స్నేహితులు ఏమనుకుంటారు, మీ అమ్మానాన్నలు ఏమనుకుంటారు అన్నవి పావుగంటలో రాయాలి.

ఆ చివరి ప్రశ్నకు మీ పిల్లలు ఏం రాస్తారు? మార్కుల గురించి తప్ప మనం వాళ్లకు ఏమీ చెప్పకపోతే రాయడానికి ఏముంటుంది? "నువ్వు మాట ఇస్తే నిలబెట్టుకుంటావు", "చెల్లెలిని బాగా చూసుకుంటావు, కానీ కోపం ఎక్కువ". ఇలాంటి మాట ఒకటి నిజాయతీగా చెప్పి చూడండి. తన మంచీ లోపమూ తెలిసినవాడే కుర్చీలో స్థిమితంగా కూర్చోగలడు.

ఈ నెల ఇంట్లో చేయదగినవి

• పిల్లలను అడిగిన ప్రశ్నకు పిల్లలనే జవాబు చెప్పనివ్వండి. ఆలస్యమైనా ఆగండి.
• రోజూ రాత్రి భోజనం దగ్గర ఒక ప్రశ్న అడగండి. జవాబు చెప్పాక "ఎందుకు?" అని ఇంకొక్కసారి అడగండి.
• వచ్చినవారి కళ్లలోకి చూసి నమస్కారం చెప్పడం, మాట మధ్యలో అడ్డం రాకుండా వినడం అలవాటు చేయండి.
• కాలేజీలో చదివే పెద్ద పిల్లలు ఇంటర్వ్యూకి హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సి వస్తే, వీలైతే ముందురోజే పంపండి. రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లవారి నేరుగా ఇంటర్వ్యూకి వెళ్తే ముఖంలో అలసట కనిపిస్తుంది. ఇస్త్రీ చేసిన మామూలు బట్టలు, సర్టిఫికెట్లు వరుసగా పెట్టిన ఫైలు చాలు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మేం మొదటి ప్రశ్న మీ పిల్లలనే అడుగుతాం. జవాబు నోటిదాకా వచ్చినా దయచేసి ఒక్క నిమిషం ఓపిక పట్టండి. వాళ్లనే చెప్పనిద్దాం.