నాలుగిళ్ళకు ఎన్ని గోడలు?

చిన్న లెక్క ఒకటి చేయండి. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు వున్న ఇల్లు ఒకటి వుందనుకుందాం. దాని చుట్టుగోడ పొడవెంత? 100 అడుగులు. అలాంటి ఇళ్ళు నాలుగు విడివిడిగా కడితే 400 అడుగుల గోడ కావాలి. ఇప్పుడు ఆ నాలుగింటినీ ఒకదాని ప్రక్కన ఒకటి ఆనించి, మధ్యగోడలు ఉమ్మడిగా వుండేటట్లు గీయండి. పొడుగాటి గోడలు ఎనిమిది అక్కరలేదు, అయిదు చాలు. మొత్తం 310 అడుగులు. అంటే 90 అడుగుల గోడ, దాని క్రింది పునాది, దానికయ్యే ఇటుక, సిమెంటు, కూలి అన్నీ మిగిలాయి. ఎవరి ఇల్లూ చిన్నది కాలేదు!

ఇంత తేలికైన ఉపాయాన్ని మనం ఎక్కువగా ఎందుకు వాడుకోవడం లేదు? ఇంటిచుట్టూ ఖాళీ వదలాలనేది మనకు మనసులో నాటుకుపోయింది. గాలి, వెలుతురు రావాలి, నిప్పంటుకుంటే ప్రక్కింటికి ప్రాకకూడదు, కాబట్టి ఆ ఆలోచన మంచిదే. కాని స్థలం చిన్నదైనప్పుడు ఏమవుతుందో చూడండి. మన రాష్ట్రంలో 2020లో పేదలకు పంచిన ఇళ్ళస్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. సుమారుగా 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. రెండు ప్రక్కలా మూడేసి అడుగులు వదిలితే మిగిలే వెడల్పు 12 అడుగులే. మూడోవంతు స్థలం సందుల పాలయింది! ఆ సందులోకి ఎండ రాదు, చీపురు కూడా సరిగా పోదు. అవే అడుగులను నాలుగిళ్ళవాళ్ళూ వెనకవైపు కలిపి వదిలితే పిల్లలు ఆడుకొనే ఉమ్మడి పెరడు అవుతుంది. అయితే ప్రక్కగోడలకు కిటికీలుండవు గనుక ఇల్లు లోపలికి మరీ పొడుగు కాకూడదు. పొడుగు తప్పదంటారా, మధ్యలో ఆకాశం కనిపించే చోటు వుంచాలి. మన పెద్దల మండువా లోగిలి చేసిన పని అదే.

అసలు అందరికీ ఒకే కొలత ఇల్లు ఎందుకు? బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి వుంది. అలాంటి చోటికి ఏటా కొత్త విద్యార్థులు వస్తారు. వాళ్ళకు ఒక్క గది చాలు. కర్లపాలెంలో ఒంటరిగా వుండే ముసలమ్మకు గదీ, వంటిల్లూ చాలు. బదిలీమీద వచ్చిన నర్సుకు రెండేళ్ళపాటు అద్దె ఇల్లు కావాలి. ఆరుగురున్న కుటుంబానికి మూడు గదులు కావాలి. వీళ్ళందరికీ పాతకాలం నుంచీ జవాబు చెప్పిన మాట ఒకటి మన తెలుగులో వుంది: వాటా. ఇంటివారు ముందు వుండి, పెరటివైపు రెండు గదులు అద్దెకివ్వడం. స్థలం కొత్తగా కొననక్కరలేదు, ఇంటివారికి నాలుగు డబ్బులు వస్తాయి, అద్దెకుండేవారికి ఊరి మధ్యలో చోటు దొరుకుతుంది. ఊరు చౌక ఇళ్ళను పెంచాలంటే వాటాకు, మేడమీద గదికి అనుమతి సులభంగా ఇవ్వాలి. పంచాయతీ గాని, పురపాలక సంఘం గాని అన్ని ఇళ్ళూ తానే కట్టనక్కరలేదు. కట్టుకొనేవారి చేతులు కట్టెయ్యకుండా వుంటే సగం పని అయినట్లే.

మేడలు కట్టడం మరొక దారి. టిడ్కో ఇళ్ళు మన పట్టణాల్లో 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో, నాలుగు వరుసలుగా ఒకదానిమీద ఒకటి కట్టారు. నేల ఖర్చు నాలుగు కుటుంబాలకు పంచుకుపోతుంది. కాని తోపుడుబండి, కోళ్ళగంప మూడో అంతస్తుకు ఎక్కవు గదా!

ఇళ్ళు దగ్గర దగ్గరగా వస్తే మన తీరంలో మరొక చిక్కుంది. ఇది మీ సైన్సు పాఠమే. బాపట్ల, కర్లపాలెం ప్రాంతపు ఇసుకనేలల్లో రైతులు దొరువులు త్రవ్వుకుంటారు. వాననీరు ఉప్పునీటికంటె తేలిక కాబట్టి, భూమిలో ఉప్పునీటిమీద పలుచని పొరగా తేలుతూ వుంటుంది. దొరువులో ఊరేది ఆ పొరలోని నీరే. సెంటుకొక ఇల్లు, ఇంటికొక మరుగుదొడ్డి గొయ్యి అయితే, ఆ మురుగు ఇసుకలోంచి త్వరగా దిగి ఆ పలుచని మంచినీటినే చేరుతుంది. కాబట్టి స్థలాలు పంచేముందే మురుగు ఎక్కడికి పోతుందో నిర్ణయించాలి.

దీనికి ఇండోరు నగరంలో ఒక ఉదాహరణ వుంది. 1980వ దశకంలో శిల్పి బాలకృష్ణ దోషీ అక్కడ ‘అరణ్య’ అనే కాలనీకి పథకం గీశాడు. సుమారు 6,500 స్థలాలు. అన్నిటికంటె చిన్నవి 35 చదరపు మీటర్లు, అంటే సెంటుకంటె తక్కువే. పెద్దవి 475 చదరపు మీటర్ల దాకా వున్నాయి. పేదవారిని ఊరవతల ఒక మూలకు నెట్టకుండా, అన్ని కొలతలనూ ఒకే కాలనీలో అమర్చాడు. చిన్న స్థలాలవారికి పూర్తి ఇల్లు ఇవ్వలేదు. అరుగు వేసి, నీళ్ళు, మరుగుదొడ్డి అమర్చి ఇచ్చారు. గదులు ఎవరికి వీలైనప్పుడు వారు కట్టుకున్నారు. కొన్ని ఇళ్ళకు కలిపి ఒక సెప్టిక్ ట్యాంకు పెట్టారు.

ఇటుకలో కూడా పొదుపు వుంది. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, మధ్య బోలు వుంచి కట్టే గోడను ‘ఎలుకబోను కట్టు’ అంటారు. కేరళలో లారీ బేకర్ దీన్ని బాగా ప్రచారం చేశాడు. ఇటుక సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. బోలులో నిలిచిన గాలి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు.

అయితే మన తీరంలో తగ్గించకూడని ఖర్చు ఒకటుంది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెనలలో దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆనాడు సముద్రపు నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున మీదికి వచ్చింది. గాలివేగం గంటకు 200 కిలోమీటర్లు దాటిందని అంచనా. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానులో వేగం 100 కిలోమీటర్ల లోపు. రెండింటికీ తేడా రెండింతలే అనుకోకండి. గాలి త్రోసే బలం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెండింతలయితే బలం నాలుగింతలు! పైగా ఆ గాలి కప్పును క్రిందికి నొక్కదు. కప్పుమీదుగా వేగంగా పోయేటప్పుడు పైన పీడనం తగ్గి, కప్పు పైకి లేస్తుంది. తీరంలోని గుండ్రని చుట్టిళ్ళు గాలికి తట్టుకోవడానికి కారణం, గాలికి పట్టు దొరికే పెద్ద చదును గోడ వాటికి లేకపోవడమే. నలుచదరపు ఇంటికి ఆ వీలు లేదు. అందుకని మూలల్లో ఇనుపచువ్వలు, గోడల పైన చుట్టూ కాంక్రీటు పట్టీ, రేకును ఆ పట్టీకి బిగించే బోల్టులు వుండాలి. అవి ఇంటి ఖర్చులో చాలా చిన్న భాగం. రంగులో మిగిల్చుకోండి, తలుపు చెక్కడాల్లో మిగిల్చుకోండి, ఉమ్మడి గోడలో మిగిల్చుకోండి. బోల్టుల్లో మాత్రం వద్దు.