దివిసీమలో సైకిళ్ళమీద ఒక దినము

సంక్రాంతి దాటేసరికి మా నూజివీడు ప్రాంతమంతా మామిడి పూత వాసనే. పూతకు ఒక తడవ మందు కొట్టాక రెండు మూడు దినములు తీరిక దొరుకుతుంది. గత జనవరిలో అలాటి తీరిక వేళ మా సంఘ యౌవనస్థులు నలుగురు, సంఘపెద్ద ఒకరు, కాపరి, వెరసి ఆరుగురము దివిసీమ చూడటానికి బయలుదేరాము.

బస్సులో వెళ్ళిరావచ్చు గదా, సైకిళ్ళెందుకని మీరు అడగవచ్చు. ఆ షరతు మా పెద్దాయనది. ఆయన పుట్టిన ఊరు దివిసీమ తీరంలోనే. పధ్నాలుగేండ్ల వయసులో ఒంటరిగా మా ప్రాంతానికి వచ్చి, తోట కాపలాకు కుదిరి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. ఎన్నిసార్లు పిలిచినా రానన్న మనిషి ఈసారి, "సైకిలుమీదైతే వస్తాను అయ్యగారూ. నేను ఆగమన్నచోట ఆగాలి, బస్సు ఆగదు" అన్నాడు.

సీజనులో నున్న మార్కెట్టుకు కాయ తోలే ట్రాలీ ఆటోలో సైకిళ్ళు వేసుకొని, తెల్లవారకముందే కరకట్ట దారిన సాగిపోయాము. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్యనున్న నేలే దివిసీమ. పులిగడ్డ అక్విడెక్టు నది పాయమీదుగా అక్కడి పొలాలకు సాగునీరు మోసుకుపోతుంది. నదిమీద కాలువ వెళ్ళడం చూసి మా పిల్లలు ఎంతో ఆశ్చర్యపోయారు.

అవనిగడ్డలో ఇడ్లీలు తిని, చక్రాలకు గాలి కొట్టుకొని, కోడూరు దారి పట్టాము. వరి కోతలైన పొలాల్లో మినుము పచ్చగా పరచుకొని ఉంది. మధ్య మధ్య రొయ్యల చెరువులు, గట్లమీద తాడిచెట్లు. తొందరేమీ లేదు. కొంగల గుంపు కనబడినా ఆగాము, టీ కొట్టు కనబడినా ఆగాము. ఒక పంక్చరు పడితే నీడ చూసుకొని అందరమూ కూర్చున్నాము.

మా వైపు ఎర్రనేల మిట్టపల్లాలలో సైకిలు సగం దూరం తొక్కుడు, సగం దూరం నెట్టుడు. ఇక్కడ ఒక్కచోట కూడా దిగి నెట్టే పని పడలేదు. యౌవనస్థులలో ఒకడు రెండు చేతులూ వదిలేసి తొక్కుతూ, "తాతయ్యా, మీ ఊళ్ళు ఎంత హాయి! ఒక్క మిట్టయినా లేదు" అని కేక వేశాడు.

పెద్దాయన బ్రేకు పట్టి ఆగాడు. "లేదు నాయనా. ఆ రాత్రి మేము పరుగెత్తడానికి కూడా మిట్ట లేదు" అన్నాడు.

ఆ తరువాత కొంతదూరము ఎవరమూ మాట్లాడలేదు.

1977 నవంబరు 19, శనివారము. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెట్టింది. ఈ తీరంలో సముద్రము లోతు తక్కువ. అలా నెట్టబడిన నీరు పోయే దారిలేక పైకి లేస్తుంది. అడ్డుకొనే మిట్ట లేని నేలమీద మైళ్ళకొద్దీ లోపలికి వచ్చేస్తుంది. అదే ఉప్పెన. ఆ దినము నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారుల లెక్కలోనే మృతులు దాదాపు 10,000 మంది. అంతకు 113 సంవత్సరముల ముందు, 1864 నవంబరు 1న, పక్కనున్న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. ఇవన్నీ మేము చదివినవే. అయితే చదివినప్పుడు తెలియనిది ఆ దినము మా కాళ్ళకు తెలిసింది. మాకు హాయిగా ఉన్న ఆ చదునే వారి ప్రాణాలు తీసింది.

హంసలదీవి ఇంకా దూరముండగానే పెద్దాయన ఒక మట్టిదారిలోకి తిరిగాడు. ఆయన ఇల్లున్న చోట ఇప్పుడు రొయ్యల చెరువు ఉంది. గట్టుమీద నిలబడి చాలాసేపు నీళ్ళవైపు చూశాడు. ఒక తాడిచెట్టు దగ్గరకు వెళ్ళి మానుమీద చెయ్యి వేశాడు. "ఇలాటిదే పట్టుకున్నాను. రెండో చేతిలో చెల్లెలుండేది" అన్నాడు. మేమేమీ అడగలేదు. టోపీలు తీసి, కలిసి ప్రార్థన చేశాము.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయము దాటి, పాలకాయతిప్ప తీరానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. సరుగుడు చెట్ల నీడలో పులిహోర, మా ఊరి ఆవకాయ తిన్నాము. ఈ తీరంలో మడ అడవులున్నాయి. వాటి వేళ్ళ అల్లిక బురదను పట్టి ఉంచుతుంది, అల జోరును తగ్గిస్తుంది. దారిలో స్తంభాలమీద ఎత్తుగా కట్టిన తుఫాను షెల్టరు ఒకటి చూశాము. పెద్దాయన దాని మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైనుండి చుట్టూ చూశాడు. "ఇదీ మిట్ట" అన్నాడు.

ఆ మాట నిజము. 1990 మే 9న అలాటి భారీ తుఫానే కృష్ణా ముఖద్వారము దగ్గర తీరము దాటింది. ముందే హెచ్చరించి, పెద్ద సంఖ్యలో జనాన్ని తరలించారు. అప్పుడు కూడా దాదాపు వెయ్యిమంది చనిపోయారు. అయినా 1977తో పోల్చితే ఎన్ని వేల కుటుంబాలు నిలిచాయో ఆలోచించండి. దేవుడిచ్చిన బుద్ధితో మనుష్యులు కట్టుకున్న మిట్ట అది.

సాయంత్రము సముద్రపు గాలి వీపున తోస్తుంటే అవనిగడ్డకు తిరిగి వచ్చాము. అటూ ఇటూ యాభై కిలోమీటర్లు దాటి ఉంటుంది. ఇంటిదారిలో, ట్రాలీలో సైకిళ్ళ మధ్య కూర్చొని, పెద్దాయన తన చెల్లెలి పేరు చెప్పాడు. ఇన్నేండ్లలో ఆ పేరు మేము వినడం అదే మొదటిసారి. ప్రతి యేటా నవంబరు 19న దివిసీమలో మృతులకు నివాళులర్పిస్తారు. ఈ నవంబరులో మా ఆలయములో కూడా ఆ పేరు చదువుతాము. చదవమని ఆయనే అడిగాడు.

మే నెల గాలివానకు కాయ రాలితే మనము బస్తాలు లెక్కపెట్టుకొని ఏడుస్తాము. ఆ ఏడుపు తప్పు కాదు. అయితే మన తోటల్లో, మన ఆలయము వెనుక వరుసలో, మనుష్యులనే పోగొట్టుకొని మౌనంగా కూర్చున్నవారు ఉండవచ్చు. వారిని ఒక్కసారి అడిగి ఊరుకోకండి. వారు ఆగమన్నచోట ఆగుతామని చెప్పండి, ఆగండి.