ఏ వస్తువు మీద వైరస్ ఎంతకాలం?

జలుబు, ఫ్లూ, కరోనా వైరస్‌లు రోగి తుంపరలతో పాటు వస్తువుల మీద పడతాయి. అక్కడ వాటి ఆయుష్షు ఆ వస్తువును బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది.

★ 2020లో అమెరికా శాస్త్రవేత్తల ప్రయోగంలో, బతికున్న కరోనా వైరస్ ప్లాస్టిక్, స్టీలు మీద 2-3 రోజుల దాకా కనిపించింది. అట్ట మీద 24 గంటలకు, రాగి మీద 4 గంటలకే అది కనిపించకుండా పోయింది.

★ మూడు రోజులన్నంత మాత్రాన అంతసేపూ అదే బలంతో ఉండదు. ప్లాస్టిక్ మీద సుమారు 7 గంటలకోసారి సగమవుతూ, చివరికి వెయ్యో వంతు కూడా మిగలదు.

★ నున్నటి వస్తువుల మీదే ఎక్కువకాలం ఎందుకు? బట్ట, కాగితం మీద పడ్డ తుంపర పీచుల్లోకి ఇంకి, పలచగా పరుచుకుని త్వరగా ఆరిపోతుందని ఐఐటీ బాంబే పరిశోధకులు 2021లో వివరించారు. తడి త్వరగా ఆరితే వైరస్ కూడా త్వరగా నశిస్తుంది.

★ ఫ్లూ వైరస్ స్టీలు, ప్లాస్టిక్ మీద 24-48 గంటలు, బట్ట, కాగితం మీద 8-12 గంటల లోపే ఉంటుందని 1982లోనే తేల్చారు. చేతి మీదైతే 5 నిమిషాలే! కానీ చెయ్యి ముక్కునో కంటినో తాకడానికి ఆ కాస్త సమయం చాలు.

★ చీమిడి వైరస్‌కు రక్షణ కవచం. 2008లో స్విస్ పరిశోధకులు కరెన్సీ నోట్లను పరీక్షిస్తే, విడి ఫ్లూ వైరస్ గరిష్ఠంగా 3 రోజులు, చీమిడితో కలిసినది 17 రోజుల దాకా నిలిచింది. వేలు నాలుకకు అద్ది నోట్లు లెక్కపెట్టేవారు ఆ అలవాటు మానాల్సిందే.

★ వేడి వైరస్‌కు పడదు. ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగంలో, చీకటి గదిలో 20 డిగ్రీల దగ్గర గాజు మీద 28 రోజులు నిలిచిన కరోనా వైరస్, 40 డిగ్రీల దగ్గర రెండు రోజులు మించి నిలవలేదు. ఎండ తగిలితే ఇంకా త్వరగా చస్తుంది.

★ కరోనా ప్రబలిన డైమండ్ ప్రిన్సెస్ అనే విహార ఓడ గదుల్లో, ప్రయాణికులు ఖాళీ చేసిన 17 రోజులకు కరోనా జాడ దొరికింది. అది వైరస్ జన్యుపదార్థం మాత్రమే. జాడ దొరికినంత మాత్రాన వైరస్ బతికున్నట్టు కాదు.

★ ఫ్లూ, కరోనా వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని చీల్చేస్తుంది. జలుబు తెచ్చే రైనోవైరస్‌కు ఆ పొర లేదు. అందుకే దాన్ని వదిలించడానికి నురగతో 20 సెకన్లు బాగా రుద్ది, నీళ్లతో కడిగేయాలి.

★ కరోనా ప్రధానంగా గాలి ద్వారానే సోకుతుంది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పేర్కొంది. కాబట్టి తలుపు గడియను చూసి హడలిపోనక్కర్లేదు. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోరు కప్పుకోండి, ముఖం తాకేముందు చేతులు కడుక్కోండి.