మీ దగ్గర 12,50,000.. పక్కోడి దగ్గర 1,250,000! ఓపెన్ సోర్స్‌కు ఉదాహరణ పంపేముందు ఇది చూడండి

ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ దుకాణాల్లో పెద్ద బిల్లులన్నీ లక్షల్లోనే నడుస్తాయి. పన్నెండున్నర లక్షలంటే అక్కడ 12,50,000. అదే సంఖ్యను పైథాన్‌లో కామాలతో ప్రింట్ చేయమంటే మాత్రం 1,250,000 అని వస్తుంది. అలాంటి ఓ షాపుకు బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్న కుర్రాడు ఉన్నాడనుకుందాం. అక్కడ ఆగిపోతాడు. వెంటనే డాక్యుమెంటేషన్ తెరిచి, కాపీ చేసుకోవడానికి ఒక ఉదాహరణ ఉందేమోనని వెతుకుతాడు.

జావాస్క్రిప్ట్ వాళ్లకు అది దొరుకుతుంది. ఎండీఎన్ వెబ్ డాక్స్‌లోని నంబర్ ఫార్మాట్ పేజీలో మన లక్ష, కోటి పద్ధతిని చూపించే ఉదాహరణ ఉంది. చిన్నదే, కానీ ఎందరికో పని తప్పించింది. ఈ ఎండీఎన్ పేజీలు 2020 డిసెంబర్ నుంచి గిట్‌హబ్‌లోనే ఉన్నాయి. మార్పు ఎవరైనా పంపొచ్చు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. లొకేల్ పేరు చెప్పకుండా ఉదాహరణ రాస్తే, జవాబు ఆ కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి మారిపోతుంది. ఇండియా సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 12,50,000 వస్తే, అమెరికా సెట్టింగ్‌లో 1,250,000 వస్తుంది. రాసినాయన అబద్ధం చెప్పలేదు, తన దగ్గర నిజంగానే అలా వచ్చింది! పోనీ తెలుగు లొకేల్ అని స్పష్టంగా రాశారనుకోండి.. 13కు ముందటి నోడ్ వెర్షన్లలో మామూలుగా ఇంగ్లిష్ డేటా ఒక్కటే ఉండేది. ఎర్రర్ కూడా చూపించకుండా ఇంగ్లిష్ పద్ధతిలో జవాబు ఇచ్చేసేది. అందుకే ఉదాహరణతో పాటు ఏ వెర్షన్‌లో నడిపారో చెప్పాలి.

మరి టెస్ట్ చేసిన ఉదాహరణ అని ఎలా నమ్మేది? పైథాన్‌లో దీనికి డాక్‌టెస్ట్ ఉంది. టిమ్ పీటర్స్ రాసిన ఈ మాడ్యూల్ 2001లో పైథాన్ 2.1తో వచ్చింది. మూడు బాణం గుర్తుల తర్వాత కమాండ్, కింది లైన్లో రావాల్సిన జవాబు రాస్తాం. డాక్‌టెస్ట్ దాన్ని నడిపి, ఒక్క కామా తేడా వచ్చినా ఫెయిల్ అని చెప్పేస్తుంది. రస్ట్‌లో కార్గో టెస్ట్ కొడితే డాక్యుమెంటేషన్‌లోని కోడ్ కూడా నడుస్తుంది. గో లాంగ్వేజ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే.. మన విద్యార్థుల పేరు ఇప్పటికే కొంత చెడింది. 2020 అక్టోబర్‌లో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో ఒకటి రెండు పదాలు చేర్చి పంపిన రిక్వెస్టులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఓ భారతీయ యూట్యూబ్ వీడియో చూసి పంపినవే వాటిలో చాలా ఉన్నాయి. దెబ్బకు నిర్వాహకులు రూల్ మార్చారు. ప్రాజెక్టు ముందే ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2024లో ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకూ అదే తలనొప్పి. ఆ ప్రాజెక్టులు చూసేవాళ్లలో చాలామంది జీతం లేకుండా చేస్తున్నవాళ్లే. వాళ్ల సాయంత్రాలన్నీ ఇలాంటివి మూసేయడానికే పోయాయి.

మీరు పంపాలనుకుంటే ముందు ఆ ప్రాజెక్టు కంట్రిబ్యూటింగ్ ఫైల్ చదవండి. పాత ఇష్యూల్లో ఇదే విషయం ఉందేమో చూడండి. కొత్త ఫోల్డర్‌లో, ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఉదాహరణను మొదటి నుంచి నడపండి. వీలైతే ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోనూ నడపండి. స్క్రీన్ మీద వచ్చిన జవాబునే కాపీ చేయండి, గుర్తున్నది టైప్ చేయొద్దు. షాపు అసలు బిల్లులోని కస్టమర్ పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఉదాహరణలో పెట్టకండి. పైథాన్ లాంటి ప్రాజెక్టులకైతే కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద ఆన్‌లైన్‌లో సంతకం కూడా చేయాల్సి ఉంటుంది.