"ఇంజను పోయింది": వైఫల్య కారణాలు, నూనె ఎంపిక, ఇంజను మార్పిడి – ప్రత్తిపాడు ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
కారు ఇంజను చెడిపోయినప్పుడు దాన్ని బాగుచేయించడమా, మార్పించడమా అన్న ప్రశ్న యజమానికి ఎదురవుతుంది. ఖర్చు లెక్క కన్నా ముందు తేలవలసింది చెడిపోవడానికి కారణం. ప్రత్తిపాడు పరిసరాల నేలను, ఎండను, వాహన వినియోగాన్ని దృష్టిలో ఉంచుకొని ఇంజను వైఫల్య రూపాలను, నూనె ఎంపిక సూత్రాలను, ఇంజను మార్పిడి నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఇంజను, స్నిగ్ధత, నూనె పొర, బోరు, ఇంజను మార్పిడి, నల్లరేగడి.

1. ఉపోద్ఘాతం

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉంది. చుట్టూ నల్లరేగడి నేలలు. ప్రత్తి, మిరప ప్రధానమైన పంటలు. మిరప కోతల కాలంలో కల్లాల నుంచి గుంటూరు యార్డు వరకు వాహనాలు దుమ్ములోనే తిరుగుతాయి. ఆ రోజుల్లో బండి ఆగితే ఆగేది ప్రయాణం మాత్రమే కాదు, పంట అమ్మకం కూడా.

"ఇంజను పోయింది" అనే మాట ఫలితాన్ని చెబుతుంది గాని కారణాన్ని చెప్పదు. మెకానిక్కుల వాడుక అంతకన్నా నిర్దిష్టమైనది. "పట్టేసింది", "బోరుకొచ్చింది", "ఆయిలు తాగుతోంది" అన్నవి వేర్వేరు స్థితులను సూచిస్తాయి.

2. నూనె పొర చేసే పని

1883లో బ్యూచాంప్ టవర్ ఇంగ్లండులో బేరింగులపై చేసిన ప్రయోగాల్లో, తిరుగుతున్న ఇరుసు తనంతట తానే నూనెలో పీడనాన్ని పుట్టిస్తుందని తేలింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతాన్ని సమకూర్చాడు. ఇంజనులోని క్రాంకు షాఫ్టు ఈ సూత్రం మీదనే వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచనైన నూనె పొరపై తేలుతూ తిరుగుతుంది. పొర తెగితే లోహం లోహాన్ని తాకుతుంది. రాపిడిని తగ్గించడంతో పాటు వేడిని మోసుకుపోవడం, మసిని తనలో నిలుపుకోవడం, రింగుల దగ్గర సందును మూయడం కూడా నూనె పనులే.

3. వైఫల్య రూపాలు

3.1 పట్టేయడం: నూనె తగ్గినా, పంపుకు అందకపోయినా బేరింగులు కరిగి అతుక్కుంటాయి. డాష్‌బోర్డుపై వెలిగే ఎర్రదీపం సాధారణంగా తెలిపేది నూనె పీడనం పడిపోయిందని. "ఇంటికి వెళ్లి చూద్దాం" అనుకొని నడిపిన ఆ కొద్ది దూరమే ఇంజనుకు ముప్పు.

3.2 బోరు అరుగుదల: దుమ్ములోని ఇసుక రేణువులు పోత ఇనుము కన్నా గట్టివి. ఎయిర్ ఫిల్టరు చిరిగినా, సరిగా కూర్చోకపోయినా అవి సిలిండరు గోడను, రింగులను అరగదీస్తాయి. అప్పుడు నూనె మండి నీలిపొగ వస్తుంది. "ఆయిలు తాగడం" ఇదే. నల్లపొగ మాత్రం ఇంధనం ఎక్కువైందని, లేదా గాలి చాలలేదని సూచిస్తుంది.

3.3 వేడెక్కడం: కూలెంటు కారిపోయినా, ఫ్యాను తిరగకపోయినా సిలిండరు హెడ్డు వంగి గ్యాస్కెట్టు పోతుంది. ఆగని తెల్లపొగ, పాలు కలిపినట్టు మారిన నూనె దీని గుర్తులు.

3.4 నీరు చేరడం: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో విజయవాడలో వేలాది వాహనాలు మునిగాయి. నీరు గాలిలా కుదించుకుపోదు. సిలిండరులో నీరు ఉండగా స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మునిగిన బండిని స్టార్టు చేయక, లాగించుకొని వెళ్లడమే సరైన పని.

4. నూనె ఎంపిక

"20డబ్ల్యు-40" వంటి గుర్తులో మొదటి అంకె చల్లని స్థితిలోని ప్రవాహాన్ని, రెండవది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరి స్నిగ్ధతను సూచిస్తాయి. ఆ వేడిలో 30 శ్రేణి నూనె స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు, 40 శ్రేణిది 12.5 నుంచి 16.3 లోపు ఉంటుంది.

"మన ఎండలకు చిక్కటి నూనె పోయాలి" అన్నది బలమైన నమ్మకం. అయితే థర్మోస్టాటు కూలెంటును సుమారు 90 డిగ్రీల దగ్గర నిలుపుతుంది గనుక, శీతలీకరణ వ్యవస్థ సక్రమంగా ఉన్నంతవరకు బయటి ఎండ ప్రభావం పరిమితమే. పలుచని నూనెకు రూపొందిన ఇంజనులో చిక్కటిది పోస్తే స్టార్టు చేయగానే పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి తయారీదారు పుస్తకంలో సూచించిన శ్రేణే ప్రమాణం. అందులో ఒకటికి మించి శ్రేణులుంటే, అరిగిన ఇంజనుకు వాటిలో చిక్కనిదాన్ని ఎంచుకోవచ్చు.

నాణ్యతా శ్రేణి మరొక అంశం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ కార్లలో మసి వడపోత ఉంటే, తక్కువ బూడిదనిచ్చే నూనె వాడాలి. డీజిల్ ఇంజనులో నూనె త్వరగా నల్లబడడం దోషం కాదు. మసిని అది తనలో నిలుపుకుంటున్నదని అర్థం. దుమ్ముదారుల్లోను, చిన్నచిన్న దూరాలకు తిరిగే బండికి మాత్రం "కఠిన వినియోగం" కింద సూచించిన తక్కువ గడువులోనే నూనె మార్చాలి.

5. ఇంజను మార్పిడి

నిర్ణయానికి ముందు కంప్రెషన్ పరీక్ష చేయించి, నూనెలో లోహపు రజను ఉందేమో చూడాలి. హెడ్డు మాత్రమే వంగితే దాన్ని చదును చేయించవచ్చు. బోరు అరిగితే రీబోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయవచ్చు. బ్లాకు పగిలినా, క్రాంకు సరిచేయలేనంతగా చెడినా మార్పిడి తప్పదు.

గుంటూరు, విజయవాడ ఆటోనగర్ల వంటి చోట్ల పాత ఇంజను కొనేవారు దాని నంబరును, పాత బండి పత్రాలను, బిల్లును సరిచూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలోని మార్పులకు సంబంధించినది. ఇంజను మార్చే ముందే రిజిస్ట్రేషను అధికారిని సంప్రదించడం మేలు. అనుమతి లేకుండా జరిగిన మార్పును 14 రోజుల్లోగా తెలియజేసి ధ్రువపత్రంలో నమోదు చేయించాలని ఆ సెక్షన్ చెబుతోంది. బీమా సంస్థకూ తెలపాలి. నంబరు సరిపోలకపోతే అమ్మకం వేళ, బీమా పరిహారం కోరే వేళ చిక్కులు వస్తాయి.

పాత ఇంజను ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది బిగించడం ప్రధానమైన పొరపాటు. మూసుకుపోయిన రేడియేటరు, లోహపు రజను చేరిన ఆయిల్ కూలరు అలాగే ఉంటే రెండవ ఇంజనూ అదే దారి పడుతుంది.

6. ముగింపు

కారణాన్ని గుర్తించడం, పుస్తకం చెప్పిన నూనె వాడడం, పత్రాలు సరిగా ఉంచుకోవడం అన్న మూడింటిలో ఏది లోపించినా ఖర్చు రెండింతలవుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను భద్రపరిచింది. "పట్టేయడం", "బోరుకు రావడం" వంటి యంత్రవృత్తి పదాలను కూడా అదే శ్రద్ధతో సేకరించడం పరిశోధకుల ముందున్న పని.